రాయదుర్గం కోవర్కింగ్ ఆఫీసు: అద్దె కట్టేది సీటుకా, గాలికా?

నేను ఏ ఆఫీసులోకి వెళ్ళినా ముందు సీలింగ్ చూస్తాను. వృత్తి అలాంటిది. ఏసీ డక్టులు, అంటే చల్లగాలి వెళ్ళే రేకు గొట్టాలు, వేసే కాంట్రాక్టర్ల దగ్గర సైటు మీద చాలాకాలం పనిచేసి, ఇప్పుడు అవే డక్టులకి షాప్ డ్రాయింగులు (సైటులో ఎలా బిగించాలో చూపే బొమ్మలు) గీసిచ్చే చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఆరుగురం ఉంటాం. మొన్నటిదాకా వెంగళరావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో నడిచేది. ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఫ్లాట్ ఖాళీ చేయమన్నారు. క్లయింట్లంతా ఎలాగూ మాదాపూర్, గచ్చిబౌలి వైపే కదా అని రాయదుర్గం మెట్రో దిగి నడిచిపోయేంత దూరంలో ఒక కోవర్కింగ్ ఆఫీసులో, అంటే పలు కంపెనీలు సీటు లెక్కన అద్దెకి పంచుకునే చోట, క్యాబిన్ తీసుకున్నాం. పేరు రాయడం లేదు. ఇందులో తిట్లూ ఉన్నాయి, మెచ్చుకోళ్ళూ ఉన్నాయి. పైగా ఈ ఏరియాలో నేను చూసిన మిగతావాటిలోనూ దాదాపు ఇవే కథలు.

రేటు ముందే చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే. సీటుకి నెలకి 9,500. ఆరు సీట్లకి 57,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 67,260. రెండు నెలల అద్దె డిపాజిట్, ఆరు నెలల లాకిన్, అంటే ఆలోపు వదిలి వెళ్ళకూడదు. కరెంటు, ఇంటర్నెట్, హౌస్‌కీపింగ్, టీ కాఫీ, నెలకి కొన్ని గంటల మీటింగ్ రూమ్ అందులోనే. సొంతంగా షట్టరో ఫ్లోరో తీసుకుని ఇంటీరియర్ చేయించే స్తోమత లేని మాబోటి వాళ్ళకి గిట్టుబాటే. క్యాబిన్ మాత్రం 280 చదరపు అడుగులు. అంటే మనిషికి 47 అడుగుల లోపు. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఆఫీసంటే తలకి వంద అడుగులు వేసుకుని ఏసీ లెక్క కట్టేవాళ్ళం. ఇప్పుడు అదే స్థలంలో ఇద్దరు కూర్చుంటున్నారు. ఇద్దరికీ ఊపిరి కావాలి.

చూపించడానికి తిప్పిన అమ్మాయి చక్కగా మాట్లాడింది. "ఫ్లెక్సిబుల్, హెల్దీ, సస్టైనబుల్ వర్క్‌స్పేస్ సార్" అని లిఫ్టు దిగగానే మొదలుపెట్టింది. రిసెప్షన్ వెనక గోడంతా మొక్కలు. గోడలకి ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేసిన ఫెల్ట్ ప్యానెళ్ళు. పాత ఇళ్ళు కూల్చిన టేకుతో చేసిన పొడవాటి బల్ల ఒకటి, దాని మీద పాత మేకు రంధ్రాలు అలాగే ఉంచారు. ఆ బల్ల నాకు నిజంగా నచ్చింది, అబద్ధం చెప్పను. ఆ అమ్మాయి బల్ల గురించి చెబుతోంటే నేను మళ్ళీ పైకి చూశాను.

పైన ఫాల్స్ సీలింగ్ లేదు. ఇప్పుడు కొత్త ఆఫీసులన్నిట్లో ఇదే పోకడ: శ్లాబుకి, డక్టులకి, కేబుల్ ట్రేలకి అన్నిటికీ నల్లరంగు కొట్టి వదిలేస్తారు. నా మటుకు ఇది మంచి మార్పే. జిప్సం బోర్డు మిగులుతుంది. క్యాబిన్లు అటూ ఇటూ జరిపినప్పుడల్లా సీలింగ్ పగలగొట్టి చెత్తలో పోయక్కర్లేదు. ఎక్కడ లీకైనా కంటికి కనిపిస్తుంది. ఆఫీసు మారినప్పుడల్లా పాత ఇంటీరియర్ మొత్తం డెబ్రిస్ లారీ ఎక్కడం నేను చాలా సైట్లలో చూశాను. దాంతో పోలిస్తే రీసైకిల్ ప్యానెల్ కన్నా ఈ లేని సీలింగే పెద్ద పొదుపు. కాకపోతే శబ్దం గింగురుమంటుంది, డక్టుల మీద దుమ్ము పేరుకుంటుంది, దాన్ని ఎవరో ఒకరు నిచ్చెనెక్కి తుడవాలి. ఇక్కడ తుడుస్తున్నారు. జాయింట్ల దగ్గర సీలెంట్ కూడా నీట్‌గా ఉంది. చేసినవాడెవడో పని తెలిసినవాడే.

ఇక అసలు విషయం.

మీటింగ్ రూమ్ 12 బై 10, ఎనిమిది కుర్చీలు. తలుపేస్తే బయటి మాట లోపలికి రాదు. చేరిన కొత్తలో ఒక క్లయింటుతో కోఆర్డినేషన్ మీటింగ్ పెట్టుకున్నాం, కుర్చీలన్నీ నిండాయి. నా బ్యాగులో అరచేతిలో పట్టే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఉంటుంది, సైట్లకి తీసుకెళ్తుంటాను. దాన్ని బల్ల మీద పెట్టాను. మొదట్లో 780 పీపీఎం, అంటే గాలిలో పదిలక్షల పాళ్ళకి 780. ముప్పావుగంటకి 1,940. అప్పటికి అవతలి ఇంజనీరు ఆవలింతలు ఆపుకోలేకపోతున్నాడు, మావాడు బీమ్ కింది లెవెల్ ఒకటి బదులు ఇంకొకటి చెప్పాడు. మీటింగ్ బోరు కొట్టి అని అనకండి. సరే, కొంత అదీ ఉంది.

బయటి గాలిలో ఈ లెక్క 420, 450 దగ్గర ఉంటుంది. మనిషికి నిమిషానికి 15 ఘనపుటడుగుల చొప్పున, మా భాషలో 15 సీఎఫ్‌ఎం, బయటి గాలి లోపలికి ఇస్తే లోపలి లెక్క బయటికన్నా సుమారు 700 పైన ఆగిపోతుంది. అంటే 1,100 చిల్లర. 1,900 దాటి ఇంకా ఎక్కుతోందంటే ఆ రూముకి సరిపడా బయటి గాలి చేరడం లేదనే. ఏసీ మాత్రం చల్లగా ఉంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే. సీలింగ్‌లో ఉండే క్యాసెట్ ఏసీ ఆ రూములో గాలినే పీల్చి, చల్లబరిచి, తిరిగి ఆ రూములోకే వదులుతుంది. చల్లదనం ఇస్తుంది, కొత్త గాలి ఇవ్వదు. ఈ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ విషమేమీ కాదు. కానీ అది పేరుకుందంటే పక్కవాడి జలుబు, కార్పెట్ జిగురు వాసన, కొత్త బోర్డు ఫర్నిచర్ వదిలే ఫార్మాల్డిహైడ్, అన్నీ దాంతోపాటే పేరుకుంటున్నాయని అర్థం.

మర్నాడు మెయింటెనెన్స్ కుర్రాణ్ణి పట్టుకుని టెర్రస్ మీదికి వెళ్ళాను. అక్కడ చూస్తే నాకే ఆశ్చర్యం. ఫ్రెష్ ఎయిర్ యూనిట్, అంటే బయటి గాలిని లోపలికి తోసే మిషను, ఉంది, మంచి కంపెనీది, లోపల మెర్వ్ 13 అనే గ్రేడు ఫిల్టర్లు. ఆ రకం ఫిల్టరు చలికాలంలో రోడ్డు మీంచి లేచే సన్నదుమ్మును కూడా చాలావరకు ఆపుతుంది. ఫిల్టర్లు కొన్నప్పటి తెలుపుతోనే ఉన్నాయి. వాడితే కదా మాసేది. మోటారు మీద పావురాల రెట్ట. ఐసొలేటర్, అంటే దాని మెయిన్ స్విచ్, ఆఫ్.

"ఇదెందుకు బందుంది తమ్ముడూ?"

"అది నడిపిస్తే ఎండలకు కూలింగ్ వస్తలేదని కంప్లైంట్లొస్తున్నయి సార్. కరెంటు బిల్లు గూడ ఎక్కువైతదని బందువెట్టమన్నరు. ఎవరన్న విజిట్‌కొస్తే ఆన్ జేస్తం."

ఆ పిల్లాడి తప్పేం లేదు, చెప్పిన మాటలో నిజం కూడా ఉంది. మే నెలలో 40 డిగ్రీల గాలిని వెయ్యి సీఎఫ్‌ఎం తెచ్చి 24కి దించాలంటే, తేమ సంగతి వదిలేసినా, రెండున్నర టన్నుల పైచిలుకు ఏసీ దానికే పోతుంది. ఆరోగ్యం, కరెంటు పొదుపు అని ఒకే బ్రోషర్లో పక్కపక్కన రాస్తారు గానీ ఈ రెంటికీ టెర్రస్ మీద రోజూ తగువే. దానికి మందు లేదా అంటే ఉంది. బయటికి పోయే చల్లటి వాడకం గాలితో లోపలికొచ్చే వేడిగాలిని ముందే కాస్త చల్లార్చే రికవరీ వీల్ దొరుకుతుంది. మీటింగ్ రూములో లెక్క పెరిగినప్పుడే డాంపర్, అంటే డక్టులో గాలిని ఆపే రెక్క, తెరుచుకునేలా సెన్సర్ పెట్టొచ్చు. ఆ మాటకొస్తే మన హైదరాబాద్‌లో వానాకాలం సాయంత్రాలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటిపూటలు బయటి గాలే చల్లగా ఉంటుంది. ఆ నెలల్లో కూడా ఫ్రెష్ ఎయిర్ బంద్ పెట్టడానికి ఏ కరెంటు బిల్లూ సాకు కాదు.

మీటరు ఫొటోలు, ఐసొలేటర్ ఫొటో పెట్టి మేనేజర్‌కి మెయిల్ రాశాను. మర్యాదగానే రాశాను. ఇక్కడ వాళ్ళని మెచ్చుకోవాలి: వాదించలేదు. యూనిట్ సర్వీసు చేయించి, పొద్దున 9 నుంచి రాత్రి 8 దాకా నడిచేలా టైమర్ పెట్టించారు. ఇప్పుడు అదే మీటింగ్ రూమ్ నిండా జనం ఉన్నా 1,100 అటూ ఇటూ ఆగుతోంది. మా క్యాబిన్‌లో 850 దాటడం అరుదు. మధ్యాహ్నం మూడింటికి మావాళ్ళు టీ కోసం కొట్టుకోవడం తగ్గిందా అంటే, లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

క్యాబిన్ సంగతికి వద్దాం. మొదట ఇచ్చింది పడమటి వైపు. నేల నుంచి శ్లాబు దాకా అద్దం, గచ్చిబౌలి వైపు చూపు, సాయంత్రం ఫొటోలకి అద్భుతం. పనికి కాదు. రెండు దాటాక ఎండ నేరుగా స్క్రీన్ల మీద. బ్లైండ్లు దించడం, దించాక చీకటైందని లైట్లు వేయడం, అద్దం వేడెక్కి కిటికీ పక్కవాడు ఉడికిపోతున్నాడని ఏసీ టెంపరేచర్ తగ్గించడం, అది తగ్గించాక తలుపు పక్కనున్న అమ్మాయి వణకడం. ఇంత డబ్బు పోసి ఎండని లోపలికి పిలిచి, మళ్ళీ డబ్బు పోసి దాన్ని గెంటడం ఈ అద్దాల బిల్డింగులకే చెల్లింది. లిఫ్టు దగ్గర గ్రీన్ రేటింగ్ ఫలకం మాత్రం తళతళలాడుతోంది.

ఇదే ఊళ్ళో, ఇక్కడికి ఎంతో దూరం లేని కొత్తగూడ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగులో పై మెట్టయిన ప్లాటినం తెచ్చుకున్న మొదటి భవనంగా దానికి పేరు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. గుండ్రటి కట్టడం, మధ్యలో ముంగిలి, ఎండని ముక్కలు చేసి లోపలికి పంపే జాలీ గోడలు, కప్పు మీద మట్టీ పచ్చికా. ఏసీకి వెళ్ళే గాలిని ముందే చల్లార్చే గాలి గోపురాలు రెండున్నాయి. నాకు కళ్ళు చెదిరింది వాటి దగ్గరే. మురుగునీటిని మొక్కల వేళ్ళతో శుభ్రం చేసి తోటకి వాడతారు. ఇరవై ఏళ్ళ కిందటే మన ఊళ్ళో ఇది చేసి చూపించారు. ఆ తర్వాత అదే ఊళ్ళో పడమటికి తిరిగిన అద్దాల పెట్టెలు ఇన్నెందుకు లేచాయంటే, ముంగిలికి అద్దె రాదు కాబట్టి. అంతకన్నా పెద్ద కారణమేదీ నాకు కనబడదు.

మేం ఉత్తరం వైపు క్యాబిన్ అడిగి మారిపోయాం. ఆ చూపు పోయింది, ఎదురుగా ఇంకో బిల్డింగ్ వెనక గోడ వచ్చింది. పగలంతా లైట్లు వేయకుండా డ్రాయింగులు చూసుకుంటున్నాం. అద్దె ఒకటే. మీరు వెళ్తే ఇదే అడగండి. చూపుకి ఆశపడే స్టార్టప్‌లు పడమటివి ముందే పట్టేస్తున్నాయి, ఉత్తరానివి ఖాళీగా ఉంటున్నాయి.

వణికిన అమ్మాయి గురించి చెప్పాలి. మా దగ్గర డ్రాఫ్టింగ్ చేస్తుంది, పొద్దున వస్తూనే శాలువా కప్పుకునేది. ఆమె సీటు సరిగ్గా క్యాసెట్ ఏసీ నోటి కింద. ఎవరో ఆ వైపు లూవర్‌కి, అంటే గాలి దిశ తిప్పే రెక్కకి, అట్టముక్క అడ్డంపెట్టి బ్రౌన్ టేపు వేశారు. అట్ట అంచున "బిస్కెట్స్" అన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. లక్షల రూపాయల ఏసీకి బిస్కెట్ల అట్టపెట్టె! ఏ ఆఫీసుకెళ్ళినా ఇది ఉంటుంది, లేకపోతే నాకే వెలితిగా ఉంటుంది. అట్ట పీకించి, రిమోట్‌లో ఆ ఒక్క లూవర్ మూసే ఆప్షన్ ఉందని చూపించాను. సెట్టింగ్ 21లో ఉంది. 2020 నుంచి కొత్త రూమ్ ఏసీలు 24 డిఫాల్ట్‌తో రావాలని కేంద్ర ప్రభుత్వ కరెంటు పొదుపు సంస్థ బీఈఈ నిబంధన ఉంది, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కూడా వాళ్ళే చెబుతారు. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్ళు మన దేశపు ఆఫీసుల్లో జనాన్ని అడిగి తేల్చిన మాట ఇంకా ముఖ్యం: మనవాళ్ళు పాశ్చాత్య లెక్కల కన్నా ఎక్కువ వేడిలోనూ హాయిగానే ఉంటారట. ఆ లెక్క 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోకీ ఎక్కింది. మేం 25 పెట్టి ఫ్యాను అడిగాం. ఫ్యాను ఇవ్వలేదు, "డిజైన్‌కి సూట్ కాదు సార్" అన్నారు. నల్లరంగు కొట్టిన ఫ్యాన్లు బజార్లో దొరుకుతాయని చెప్పాను. ఇంకా ఆలోచిస్తున్నారు.

మొక్కల గోడ: అందంగా ఉంది, కళ్ళకి హాయి, ఆ మేరకు నాకేం పేచీ లేదు. కానీ దాని కింద "ఈ మొక్కలు మీరు పీల్చే గాలిని శుద్ధి చేస్తాయి" అని బోర్డు పెట్టారు. ఆ మాటకి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. మూసిన చిన్న పెట్టెలో మొక్క పెట్టి చూశారు. 2019లో ఆ ప్రయోగాలన్నీ తిరగేసి లెక్కేసినవాళ్ళు, మామూలు వెంటిలేషన్‌కి సాటి రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలన్నారు. అప్పుడు మనుషులకి చోటుండదు. పైగా ఈ మొక్కలు అద్దెవి. నర్సరీ ఆటో వస్తుంది, ఏసీకి వాడిపోయిన మనీప్లాంట్లు దించి, పచ్చటివి తగిలించి పోతుంది. వాడినవి నర్సరీలో కోలుకుని ఇంకో ఆఫీసుకి డ్యూటీకి వెళ్తాయి కాబోలు.

గాలి శుద్ధి గురించి అంత బోర్డు పెట్టినవాళ్ళు పొద్దున తొమ్మిదికి ఘాటు ఫినాయిల్‌తో ఫ్లోరంతా తుడిపించేవారు. హౌస్‌కీపింగ్ అమ్మనే అడిగాను, "వాసన లేనిది ఇయ్యరామ్మా?" అని. "వాసన రాకపోతే కడగలేదంటరు సార్" అంది. ఆమెకి నేనేం చెప్పగలను? ఇప్పుడు తుడవడం ఏడున్నరకి మార్చారు, మేం వచ్చేసరికి తేలికపడుతోంది.

కుర్చీలు మంచివి. నడుం దగ్గర ఆసరా, చేతుల ఎత్తు, సీటు లోతు మూడూ మారతాయి. బల్లలు మాత్రం అందరికీ ఒకే 750 మిల్లీమీటర్లు. పొట్టివాళ్ళు కుర్చీ ఎత్తు పెంచితే కాళ్ళు గాల్లో. ఫుట్‌రెస్టులు అడిగితే ఇచ్చారు, అడగాలంతే. ఎత్తు మారే మోటారు బల్లలు కొన్ని హాట్‌డెస్కుల (ఎవరికీ కేటాయించని సీట్ల) దగ్గర పెట్టారు, అవి ఫొటోలకే. ఒకటి పైకెళ్ళి అక్కడే ఆగిపోయింది.

శబ్దం విషయంలో ఆ ఫెల్ట్ ప్యానెళ్ళు నిజంగా పనిచేస్తున్నాయి. చప్పట్లు కొట్టి చూశాను, హాట్‌డెస్కుల దగ్గర గోల ఉంది గానీ ప్రతిధ్వని లేదు. ఫోన్ బూత్ పైన చిన్న ఫ్యాను ఉంది. తలుపు సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే లోపలికి లాగుతోంది, కాబట్టి తిరగడమే కాదు, గాలిని మారుస్తోంది కూడా. పది నిమిషాల కాల్‌కి ఇబ్బంది లేదు.

ఫ్లెక్సిబుల్ అన్న మాట సగం నిజం. ఒక ఆసుపత్రి ప్రాజెక్టుకి అదనంగా ఇద్దరిని తీసుకోవాల్సొస్తే మధ్యాహ్నం అడిగితే సాయంత్రానికి రెండు సీట్లు, లాకర్లు, వైఫై పాస్‌వర్డ్‌లు అన్నీ సిద్ధం. సొంత ఆఫీసులో ఇది జరగదు. ప్రాజెక్టు అయ్యాక ఆ రెండూ వదులుకుంటామంటే అప్పుడు అగ్రిమెంటు తీశారు. పెరగడానికి ఒక మెయిల్ చాలు, తగ్గడానికి నోటీసు, లాకిన్, క్లాజులు. చక్రాల బల్లలు, మడిచే పార్టిషన్లు ఎన్నున్నా, అగ్రిమెంటు మడవకపోతే చిన్న కంపెనీకి ఏం లాభం?

నాకు ఇంకా కడుపుమంట తీరనిది రాత్రి ఏసీ. మాకు అమెరికా క్లయింట్లు ఉన్నారు, వారానికి కొన్ని రాత్రులు పదింటిదాకా కాల్స్. ఎనిమిదికి సెంట్రల్ ఏసీ, దాంతోపాటే ఫ్రెష్ ఎయిర్, ఆగిపోతాయి. ఆ తర్వాత కావాలంటే గంటకి 600. ఫ్లోరంతటికీ కలిపి నడిచే వ్యవస్థ కాబట్టి ఒక్క క్యాబిన్‌కి వేయలేమంటారు. కానీ టెర్రస్ మీద నేను చూసింది వీఆర్ఎఫ్. ఏ క్యాబిన్‌కి ఆ క్యాబిన్ విడిగా నడిపేందుకే ఆ పద్ధతి పెడతారు. పోనీ ఏసీ లేకపోతే కిటికీ తెరుద్దామంటే తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు, బయట చల్లటి గాలి వీస్తుంటే అద్దం ఇవతల చెమటలు.

మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. ఫ్రెష్ ఎయిర్ బంద్‌గా ఉన్నప్పుడు అడిగితే రెండు అనేవాణ్ణి. పదిమందిలోపు ఉండి, పగటిపూట పనిచేసే వాళ్ళకి ధైర్యంగా చెప్పొచ్చు. నైట్ షిఫ్టులుంటే ఆలోచించుకోండి. చూడ్డానికి వెళ్తే చెప్పకుండా, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. చెప్పి వెళ్తే టెర్రస్ మీద మోటారు ఆన్ చేసి పెడతారు. మా లాకిన్ వచ్చే నెలతో అయిపోతుంది. రాత్రి పదిదాకా మా క్యాబిన్ ఏసీ అదనపు డబ్బు లేకుండా నడపాలని, ఒక నెల నోటీసుతో సీట్లు తగ్గించుకోవచ్చని రెండు లైన్లు కొత్త అగ్రిమెంటులో రాయమని పంపాను. "హెడ్డాఫీసుకి ఫార్వర్డ్ చేశాం సార్" అని జవాబొచ్చింది. ఇంకా సంతకం పెట్టలేదు.